ఏడెనిమిదుల ఫైలు

"ఆ దిండు నాది!"

"నడుం నొప్పి నీకా, నాకా?"

కంప్యూటర్ కుర్చీలోని దిండు కోసం మనవరాలు ఒక కొస, నానమ్మ ఇంకో కొస పట్టుకుని లాగుతున్నారు. దిండు లేకపోతే తొమ్మిదేళ్ళ పిల్లకి కీబోర్డు అందదు. అందినా చేసేదేముంది? అందులో రోజూ ఎక్కాలు అడిగే నాన్న గొంతు మూడు రోజులుగా పలకడం లేదు.

ఫోన్ మోగింది. కోడలు తీసింది.

"మేడమ్, టైలర్‌ని. మీ పాత మిషన్ ఇక బాగుపడదు. కొత్తది పంపిస్తున్నాను."

ఆమె వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్‌నేమ్ కూడా 'కోడలే'. టైలర్ అంటే చీఫ్. ఆమె భర్త రంగుల కంపెనీ సేల్స్‌మన్‌ వేషంలో దేశాలు తిరిగిన ఏజెంట్. ఎనిమిది నెలల క్రితం ఒక సరిహద్దు దాటుతూ పోయాడు. ఇంట్లో మాత్రం రైలు ప్రమాదమని చెప్పారు.

"చెప్పండి."

"మీ ఇంటి యాంటీవైరస్ డబుల్ ఏజెంట్. దాన్ని చేసిన కంపెనీ శత్రువుల చేతిలోకి పోయింది. క్వారంటైన్‌లో ఉన్న ఫైళ్ళన్నీ ఒంటిగంటకి వాళ్ళ సర్వర్‌కి పంపేస్తుంది. మీ దాంట్లో ఏముంది?"

"పాప కోసం ఆయన రాసిన ఎక్కాల ప్రోగ్రామ్. ఆయన గొంతుతో. ఇంట్లో రాసింది కదా, వైరస్ అనుకుని మొన్న బంధించేసింది."



"ఆ గొంతు వాళ్ళకి వేరే పేరుతో తెలుసు. ఏ ఇంటిదో తెలిస్తే, అతనితో పనిచేసిన పదకొండు మందీ దొరికిపోతారు."

"బయటికి తీసి దాచుకుంటే?"

"తీసిన క్షణంలోనే కాపీ వెళ్ళిపోతుంది."

"నెట్ పీకేస్తే?"

"మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది. లైసెన్సు గడువు తీరి యాంటీవైరస్ మార్చుకున్న మామూలు ఇల్లులా కనబడాలి. పాతది తీసెయ్యండి. క్వారంటైన్ దాంతోపాటే పోతుంది." గొంతు తగ్గింది. "వేరే కాపీ ఉందా అమ్మా?"

"లేదు. ఫోటో కూడా దిగని మనిషి." ఉద్యోగంలో ఆయన చేసిన పొరపాటు ఆ గొంతు రికార్డు చెయ్యడం ఒక్కటే.

పన్నెండున్నరకి కొరియర్ దారపు రీలు తెచ్చిచ్చాడు. రీలు లోపల పెన్‌డ్రైవ్.

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. తెరమీద యాంటీవైరస్ గుర్తు, పచ్చటి డాలు, మెరిసింది. "మీరు క్షేమంగా ఉన్నారు," అంది డబుల్ ఏజెంట్, తేనెలాంటి ఆడగొంతుతో.

"సంతోషం తల్లీ," అంది అత్తగారు, రోజూ అన్నట్టే.

పన్నెండు యాభై ఆరు. అన్‌ఇన్‌స్టాల్.

'మమ్మల్ని ఎందుకు వదిలి వెళుతున్నారు?' కింద నాలుగు కారణాలు. 'గడువు తీరింది' దగ్గర టిక్ పెట్టింది.

పన్నెండు యాభై తొమ్మిది. 'క్వారంటైన్‌లో ఒక ఫైలు ఉంది. శాశ్వతంగా తొలగించాలా?'

పాప కుర్చీకి ఆనుకుని చూస్తోంది. "అది నాన్నదే కదమ్మా? కొత్తది పెట్టాక మళ్ళీ మాట్లాడతాడా?"

నాలుగు భాషల్లో తడుముకోకుండా అబద్ధం చెప్పగల ఏజెంట్ ఆమె. పాప వైపు తిరిగింది.

"మాట్లాడడమ్మా."

ఒంటిగంటకి ఇంకా తొమ్మిది సెకన్లు. నొక్కింది. స్క్రీన్ నల్లబడి, మళ్ళీ వెలిగింది. పెన్‌డ్రైవ్ గుచ్చి కొత్తది ఎక్కించింది. దీనికి గొంతు లేదు.

పాప ఏడవలేదు. కుర్చీలోంచి దిండు తీసుకెళ్ళి నానమ్మ నడుం వెనకాల పెట్టింది.

భోజనాల దగ్గర వడ్డన అయ్యాక కోడలు చెప్పింది: "ఇవాళ్టినుంచి ఎక్కాలు నేనడుగుతాను. రోజూ, ఇక్కడే."

"నీకు రాదు," అంది పాప. "ఏడెనిమిదుల దగ్గర నాన్న కావాలని తప్పు చెప్పేవాడు. నేను పట్టుకుంటే నవ్వేవాడు."

కోడలు గొంతు సవరించుకుంది. "ఏడెనిమిదులు యాభై నాలుగు."

పాప తల కంచంలోకి వంగిపోయింది.

"యాభై ఆరు," అంది నానమ్మ, ముక్కు తుడుచుకుంటూ. "కావాలనీ కాదు, గీవాలనీ కాదు. చిన్నప్పటినుంచీ వాడికి ఏడెనిమిదులు రావు."

డిపార్ట్‌మెంట్ ఫైల్లోకి ఎక్కని రహస్యం అదొక్కటే.