ముక్కు విరిగిన కారణం

సువర్చల నాసికాస్థిని వేలితో మెల్లగా తిప్పింది. గదంతా నిండిన ఆ వెలుగుబొమ్మలో పగులు సన్నగా, ఏటవాలుగా కనిపించింది. ఎముక పక్కకు జరగలేదు, చర్మం తెగలేదు. గాయాల పత్రంలో మొదటి మూడు గళ్ళూ నింపేసింది. ఇక మిగిలింది కారణం.

చంద్రుడి మీది ఈ పేటలో చిక్కంతా ఆ గడితోనే. ఏ వస్తువు వల్ల దెబ్బ తగిలిందని కోడ్ వేస్తే, పేటను నడిపే యంత్రబుద్ధి సంకేతిని ఆ వస్తువును అప్పటికప్పుడు మూసేస్తుంది. దానికి మొహమాటం లేదు. ఊయలలు, నిచ్చెనలు, ఈతతొట్టి అన్నీ అలాగే పోయాయి. పేటలో ఇప్పుడు దెబ్బలు తగలడం చాలా తక్కువ, నిజమే.

తెర మీద ధీమహి కూర్చుని ఉంది. ఏడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. ముక్కు మీద పట్టీ, కళ్ళ కింద నలుపు.

"ఏం తగిలిందమ్మా?"

"ఆడ ఏమీ లేదనుకుంటి అత్తా. నిన్న కిటికీ రేకు తీసినారు గదా. నల్లటి దాంట్లో నీలంగా, గుండ్రంగా ఉండె. పట్టుకుందామని ఉరికితి."

"నొప్పిగా ఉందా?"

"ఉంది. మళ్ళా ఎప్పుడు పోవచ్చు ఆడికి?"

సువర్చల తెర మీది పిల్ల చేతులను పెద్దవి చేసి చూసింది. ఢీకొనేవాళ్ళు ఎవరైనా చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఈ పిల్ల అరచేతుల మీద దోక్కుపోయిన గుర్తు కూడా లేదు. రెండు చేతులూ బార్లా చాపి భూమి వైపు పరుగెత్తింది. తాను పుట్టిన భూమిని చూడడానికి నిన్న సువర్చల వెళ్ళనే లేదు.

"సిఫారసు: కారణం, కిటికీ గాజు," అంది సంకేతిని. "ఆమోదిస్తే కిటికీ శాశ్వతంగా మూతపడుతుంది."

అలవాటు కొద్దీ వేలు పైకి లేచింది. లేచిన వేలు గాలిలోనే ఆగిపోయింది. తర్వాత ఆమె ఆ గడిలో ఒక్కో అక్షరమే రాసింది: ఆశ్చర్యం.

"ఈ కారణం జాబితాలో లేదు."

"చేర్చు. బాధ్యత నాది."

"ఆశ్చర్యం మూయదగిన వస్తువా?"

"కాదు."

ఎన్నడూ తడుముకోని సంకేతిని జాబితానంతా మళ్ళీ మొదటి నుంచి వెతికింది. అంతసేపూ గదిలో వెలుగుబొమ్మ కదలకుండా నిలిచిపోయింది.

"కొత్త కారణానికి ఒక్క ఉదాహరణే ఉంది," అంది చివరికి. "అధ్యయనానికి చాలదు. పేటలో మిగతా కిటికీల రేకులన్నీ తీయమంటారా?"

సువర్చల లేచి, తన గది గోడకున్న బూడిదరంగు రేకు ముందు నిలబడింది.

"తియ్యి," అంది. "ముందు ఇది."