కాపీ ఉండాదా?

పుంగనూరు బస్టాండులో ఉదయం ఎనిమిదీ నలభైకి చెంగయ్య చనిపోయాడు. పాలక్యాను కాళ్ల మధ్య పెట్టుకుని బెంచీమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. చుట్టూ చేరినవాళ్లు గుండెపోటన్నారు. మెడ వెనక సూది దిగిన గుర్తు మాత్రం ఇంటెలిజెన్సు డిపార్ట్‌మెంటు మనిషి ఒక్కడి కంట పడింది. అతను ఫోటో తీసి మదనపల్లెకు పంపాడు.

ఆ ఫోటో చూసి ఏజెంట్ ఆల్విన్ నేరుగా చీఫ్ దగ్గరికి పోయాడు. పైకి టమోటా మండీ, వెనక గదిలో డిపార్ట్‌మెంటు ఆఫీసు. చెంగయ్య పాలు పోసే నెపంతో వారానికి రెండుసార్లు అక్కడికొచ్చి కబురు చెప్పిపోయేవాడు. ఈ రోజు ఎనిమిదీ నలభై బస్సెక్కుతాడని తెలిసినవాడు ఆల్విన్ ఒక్కడే. ఆ టైము నిన్న సాయంత్రం తనే మెసేజ్‌లోంచి కాపీ చేసి రిపోర్టులో పేస్ట్ చేశాడు. ఆ రిపోర్టు ఇంకా పంపలేదు, ఇంకెవరికీ చెప్పలేదు. అయినా కబురు బయటికి పోయింది.

మండీ ఓనరు వేషంలో ఉండే చీఫ్ శ్రీరాములు తలుపు మూసి గొళ్లెం పెట్టాడు.

"ఆర్కిడ్ రింగోళ్ల పనే. మన డిఫెన్సు డ్రాయింగులు గ్రానైటు లారీల్లో పెట్టి దేశం దాటిస్తాండారు. వాళ్ల బాసు మొగం సూసినోడు లారీ డ్రైవరు అంజినప్ప ఒక్కడే. వాణ్ని తప్పించి కుప్పంలో దాచింది చెంగయ్య. చెంగయ్యను లేపేసినారు. ఇంక మిగిలింది అంజినప్పే."

"మూడు గంటలకు నేనే పోయి తీసకరావల్ల కదా సార్."

"పోయే ముందు నీ ల్యాప్‌టాప్ జెమీమాకు ఇయ్యి."

టెక్నికల్ ఆఫీసరు జెమీమా గంటన్నర సేపు తల ఎత్తలేదు. ఎత్తాక ల్యాప్‌టాప్‌ను ఆల్విన్ వైపు తిప్పింది.

"అన్నా, నువ్వు రిపోర్టులు రాసే టెక్స్ట్ ఎడిటర్లో ఈ స్క్రిప్టు, ఈ సిన్న ప్రోగ్రాము, ఎవరేసినారు?"

"వసుధ మేడమ్. తప్పులు దిద్దుతాదని."

వసుధ హెడ్డాఫీసు నుంచి వచ్చిన అనలిస్టు. చీర మడత నలగదు, నల్లద్దాలు తీయదు, మాట ఎప్పుడూ తొణకదు. మూడు వారాల కిందట ఆల్విన్ రిపోర్టు చదివి చిన్నగా నవ్వింది. 'ఉండాడు ఏమిటండీ? ఉన్నాడు అని రాయాలి. ఈ స్క్రిప్టు మీ యాసను తనే సరిచేసేస్తుంది' అంది. ఆల్విన్ సిగ్గుతో చచ్చిపోయాడు. స్క్రిప్టు వేయగానే 'క్లిప్‌బోర్డు వాడుకోనివ్వాలా?' అని ఎడిటర్ అడిగింది. ఆమె ముందు ఇంకో ప్రశ్న వేస్తే మరీ పల్లెటూరివాడనుకుంటుందని, చదవకుండానే అలౌ నొక్కాడు.

"తప్పులు దిద్దేదానికి ఎడిటర్లో ఉండే మాటలు సాలన్నా," అంది జెమీమా. "క్లిప్‌బోర్డు యాల? నువ్వు ఈ ల్యాప్‌టాప్‌లో మెసేజ్ తెరిచి కాపీ కొట్టినా, మ్యాప్‌లో కాపీ కొట్టినా పోయేది ఆ క్లిప్‌బోర్డులోకే. ఇది ఆడ కాపలా కూర్చోని అంతా సదువుతా ఉండాది. సదివి బయటికి పంపిస్తా ఉండాది."

"ఈ పొద్దు ఏం పంపింది?"

"పొద్దున ఏడింటికి. అంజినప్ప దాక్కోనుండే సిద్ధమ్మ కాపీ అంగడి, కుప్పం స్టేషను పక్క. వాణ్ని బయటికి పిలిచే కోడ్ మాట కూడా పోయింది."

ఆల్విన్ గోడ గడియారం చూశాడు. పన్నెండూ పది. పన్నెండు దాటితే మనిషిని అప్పగించేవరకు సిద్ధమ్మ ఫోను ఆఫ్‌లో ఉండాలని రూలు. ఆ రూలు పెట్టింది కూడా తనే.

"వసుధ యాడ?"

"బెంగుళూరు పోతాండానని నిన్ననే లీవు పెట్టింది," అన్నాడు శ్రీరాములు. "పోలీసు జీపు కనపడితే అంజినప్ప పారిపోతాడు, బయట కాచుకోనుండే వాళ్ల చేతిలో పడతాడు. నువ్వే పో అప్పా. యాడా నిలవొద్దు."

టమోటా వ్యాను పుంగనూరు దాటుతుంటే ఆల్విన్ బస్టాండు వైపు చూడలేకపోయాడు. చెంగయ్య తనను 'ఆల్వినప్పా' అని పిలిచేవాడు. తనకిచ్చిన ఏ మాటా రెండో మనిషికి చేరదని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని తను ఒక్క నొక్కుతో అమ్మేశాడు. పలమనేరు, బైరెడ్డిపల్లె దాటినా ఆ బాధ వదల్లేదు. అంజినప్ప కూడా పోతే ఇంక అద్దంలో తన మొహం తాను చూసుకోలేడు.

కుప్పం చేరేసరికి రెండూ నలభై. తలకు తువ్వాలు చుట్టి, భుజాన టమోటా బాక్సు పెట్టుకుని సందులోకి నడిచాడు. బాక్సులో పైవరస పళ్ల కింద పిస్తోలు ఉంది.

సిద్ధమ్మ అంగడిలో ఒక్కతే గిరాకీ. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, నల్లద్దాలు. డాక్టరమ్మ వేషంలో వసుధ! ఆమె వేలికి ఎర్రరాయి ఉంగరం ఉంది. చెంగయ్య మెడమీది గుర్తు ఆ రాయి కింద దాగిన సూదిదేనని ఆల్విన్‌కు ఇప్పుడు అర్థమైంది. ముందు రెండు ఖాళీ గ్లాసులు. వెనక గదికి పాత చీర పరదా. పరదా వెనక అంజినప్ప.

"అమ్మా, కాఫీ ఉందా?" అంటోంది వసుధ, గట్టిగా, ఒక్కో అక్షరం విడమర్చి.

"ఉండాది కదమ్మా! రెండు తాగితివి, ఇంగోటి పోస్తాండా. కోపం యాల?"

ఆల్విన్ అడుగు ఆగిపోయింది. సిద్ధమ్మకు కోడ్ మాట తను ఫోనులో నోటితో చెప్పాడు. అక్షరం తేడా వచ్చినా మనిషిని పంపొద్దన్నాడు. రిపోర్టులోనూ అలాగే టైపు చేసి, పొద్దున్నే ఆ ముక్క కాపీ కొట్టాడు. కానీ తప్పులు దిద్దే స్క్రిప్టు ఆ మాటనూ దిద్ది మరీ వసుధకు పంపింది!

వసుధ ఓపిక అయిపోయింది. లేచి ఉంగరం రాయి తిప్పింది. నాలుగడుగుల్లో పరదా దగ్గరికి చేరి అంచు పట్టుకుంది. ఆల్విన్ ఇంకా వీధిలోనే ఉన్నాడు. పిస్తోలు తీసే వ్యవధి లేదు. గొంతు చించుకుని అరిచాడు.

"అమ్మా! కాపీ ఉండాదా?"

సిద్ధమ్మ చటుక్కున తల తిప్పి అతన్ని చూసింది. తర్వాత పరదా పట్టుకున్న చేతిని చూసింది.

"ఉండాదప్పా!" అంటూ పొగలు కక్కే గ్లాసును ఆ చేతిమీద కుమ్మరించింది.

వసుధ కేక పెట్టింది. ఉంగరం జారి నేలమీద పడింది. ఆల్విన్ బాక్సు విసిరేసి లోపలికి దూకి ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. టమోటాలు వీధంతా దొర్లాయి. కోడ్ మాట వినపడిందని అంజినప్ప పరదా తొలగించుకుని బయటికొచ్చి, ఆమెను చూసి కొయ్యబారిపోయాడు.

"అప్పా, లోడు కాడ నిలబడి ఆర్డర్లేసింది ఈయమ్మే!"

నల్లద్దాలు జారిన కళ్లతో వసుధ ఆల్విన్ వైపు చూసింది. "కోడ్ నాకు సరిగ్గానే తెలుసు," అంది నమ్మలేనట్టు.

"సరిగ్గా తెలిసిందే తప్పయిపోయింది మేడమ్."

తిరిగి వస్తూ ఆల్విన్ పుంగనూరులో చెంగయ్య ఇంటిముందు వ్యాను ఆపాడు. పాలక్యాను అరుగుమీద బోర్లించి ఉంది. చెంగయ్య భార్య ఎదురొచ్చింది. 'పొరపాటు నాదేనమ్మా' అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు ఆ స్క్రిప్టుకిచ్చిన అనుమతి తీసేశాడు. ఇవ్వడానికెంత పట్టిందో తీయడానికీ అంతే పట్టింది, ఒక్క నొక్కు. తర్వాత ప్రతి అక్షరం తనే కొట్టి రిపోర్టు రాశాడు. 'చెంగయ్య సచ్చిపోయినాడు, తప్పు నాది' అన్న లైను దగ్గర చాలాసేపు ఆగాడు. చివరికి దాన్ని అలాగే ఉంచాడు.

శ్రీరాములు చదివి కళ్లద్దాలు తీశాడు. "ఏమప్పా, నిండా మన యాసే ఉండాది. హెడ్డాఫీసోళ్లు నగుతారు."

"నగనీండి సార్. అంజినప్ప బతికుండేది ఆ యాస పుణ్యానే."

శ్రీరాములు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే, ఒక కాపీ ఇయ్యి," అన్నాడు.

ఆల్విన్ ప్రింటరు వైపు పోకుండా కాపీ ఫ్లాస్కు వైపు నడిచాడు.