మొండి వినే మాట

“ముందు ఆ నవ్వు ఆపండి. నా కుక్కకి కావలసింది దొంగ, జోకరు కాదు.”

ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే.

అప్పుడు నా ఎడమచేతికి భుజం దాకా దళసరి గోనెగుడ్డ తొడుగు, ఒంటి మీద దూది కూరిన కోటు ఉన్నాయి. మూతపడిన గోడౌన్ల వెనకున్న ఖాళీ స్థలమే మా కుక్కల క్లబ్బు. వారమంతా లేత్ మిషను మీద ఇనుము తిప్పేవాణ్ణి, ఆదివారం పొద్దున్నే అక్కడికి పోయి కుక్కల చేత కరిపించుకునేవాణ్ణి. నాది దొంగ వేషం. కుక్క ఉరికొచ్చి తొడుగు పట్టుకోవాలి, పెంచినవాళ్లు మాట చెప్పగానే వదిలెయ్యాలి. పట్టుకోవడం ఏ కుక్కకైనా వస్తుంది. వదలడమే చదువు.

“నేను నవ్వకపోతే కుక్క జడుసుకుంటుందేమోనని,” అన్నాను.

“మిమ్మల్ని చూసి కాకులు జడుసుకోవాలి. అచ్చం దిష్టిబొమ్మలా ఉన్నారు.”

క్లబ్బంతా నవ్వింది. ఆ పూట నుంచి నా పేరు దిష్టిబొమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేరు మళ్లీ ఎవరి నోటా వినలేదు.

ఆమె కళ్లద్దాల షాపులో పనిచేసేది. ఎదుటివాడి కళ్లలోకి సూటిగా చూడడం ఆమె ఉద్యోగం. నన్నూ అట్లాగే చూసేది, నంబరు తేలుస్తున్నట్టు. అసలే దూదికోటులో ఉడికిపోతున్నవాణ్ణి, ఆ చూపుకి ఇంకా ఉడికేవాణ్ణి.

కుక్క పేరు మొండి. ఆ పేరు పెట్టినవాళ్ల తెలివికి దండం పెట్టాలి.

క్లబ్బులో అందరూ కుక్కలకి పరాయి భాషలో ఆర్డర్లు వేసేవాళ్లు. ఆమె ఒక్కతే “వదులు” అనేది. క్లబ్బు పెద్దాయన మొహం చిట్లించాడు. “అదేం మాటమ్మా, బస్సులో చెయ్యి పట్టుకున్నవాణ్ణి కసిరినట్టు?”

“ఇది మా ఇంట్లో పెరిగింది సార్. మా ఇంట్లో మాట్లాడేదే దీనికి తెలుసు.”

నాకామె నచ్చింది సరిగ్గా అక్కడే. కళ్లు, నవ్వు, జడ ఇవన్నీ తర్వాత చూశాను.

తొడుగు చిరిగితే కుట్టించడానికి వాళ్ల నాన్న దగ్గరికే పోవాల్సి వచ్చేది. ఆయన టైలర్ మాస్టరు. ఇంటి ముందుగదిలోనే మిషను, గోడకి కత్తిరించిన కాగితం నమూనాలు, మిషను కింద మొండి. ఆయన మిషను తొక్కుతుంటే ఆ చప్పుడుకి అది నిద్రపోయేది.

“మాస్టారూ, ఈసారి రెండు పొరలు వెయ్యండి.”

ఆయన మెడలోని టేపు సర్దుకుని తొడుగు తిరగేసి చూశాడు. “చూడు బాబూ, మా పెద్దమ్మాయి పసిబిడ్డతో ఇక్కడికే వచ్చేస్తోంది. పట్టుకుంటే వదలని కుక్కని పసిపిల్ల పక్కన ఎట్లా ఉంచను? మీ క్లబ్బు పెట్టే పరీక్షలో వదిలిందా, ఇంట్లో ఉంటుంది. వదల్లేదా, గోడౌను కాపలాకి ఇచ్చేస్తాను. నా కూతురికీ చెప్పేశాను.”

తలుపు వెనక ఆమె ఉంది. “ఆదివారం ఇంకా ముందే రండి,” అంది.

ఇక మొదలుపెట్టాం. సన్నగా వాన పడుతున్నా ఆపలేదు. కోటు నీళ్లు పీల్చి బస్తా అయ్యేది. మొండి ఎగిరి తొడుగు పట్టుకునేది. నేను గింజుకుని ఆగేవాణ్ణి.

“వదులు.”

మొండి వినేది కాదు.

“వదిలితే మాత్రం నేనెక్కడికి పోతాను?” అనేవాణ్ణి.

“చాల్లే.”

మొండి వదిలేది.

“చూశావా, వింటోంది,” అనేదామె, కళ్లద్దాల మీద వాన చినుకులు చున్నీతో తుడుచుకుంటూ. “కాస్త ఆలస్యంగా వింటోంది, అంతే.”

“నీలాగే. నేను చెప్పేది నీకూ ఆలస్యంగానే ఎక్కుతుంది.”

“ఏం చెప్పావు నువ్వు?”

“ఇంకా చెప్పలేదు.”

“చాల్లే, దిష్టిబొమ్మా.”

ప్రతి ఆదివారం ఇదే వరస. ‘మీరు’ పోయి ‘నువ్వు’ ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ తెలియలేదు. తడిసిన గోనె వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకా రోజులే గుర్తొస్తాయి.

పరీక్ష రోజు పక్క ఊరి నుంచి జడ్జి వచ్చాడు. రూలు చదివాడు. దొంగ వేషం వేసినవాడు నోరెత్తకూడదు. వదలమని మూడుసార్ల కంటే ఎక్కువ చెప్పకూడదు. మాస్టారు మెడలో టేపుతోనే వచ్చి గీత అవతల నిలబడ్డాడు.

మొండి బాణంలా వచ్చి పట్టుకుంది. గింజుకున్నాను. ఆగాను.

“వదులు.”

వదల్లేదు. నేను మాట్లాడలేదు. ఆమె నా వైపు చూసింది, ఏదో తక్కువైనట్టు. నాకూ అట్లాగే ఉంది.

“వదులు.” రెండోసారి.

మొండి తొడుగు పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. తోక ఊపుతోంది. ఎదురుచూస్తోంది. దేనికోసం?

అప్పుడు వెలిగింది నాకు. దీనికి ‘వదులు’ అన్న మాటే తెలియదు. నేను కూసిన ప్రతి కూతకీ ఆమె విసుక్కుంటూ అన్న ఆ రెండో మాట ఉంది చూడండి, ఇన్నాళ్లూ ఇది నేర్చుకున్నది దాన్ని. నా నోటికి తాళం పడితే ఆమె నోట ఆ మాట రాదు.

మాట్లాడకూడదన్నారు గానీ మొహం కదపకూడదనలేదు. మూడోసారి చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోగా, జడ్జి ముందు, వాళ్ల నాన్న ముందు, క్లబ్బంతటి ముందు, ఆమెకి కన్ను కొట్టాను.

ఆమె మొహం ఎర్రబడింది. “ఇక చాల్లే!”

మొండి టక్కున వదిలి కూర్చుంది.

జడ్జి దగ్గరికొచ్చాడు. “అమ్మాయ్, నీ ఆర్డరు ఏది? వదులా, చాల్లేనా?”

ఆమె కుక్కని చూసింది, నన్ను చూసింది. “చాల్లే అండీ. నాకే ఇప్పుడు తెలిసింది.”

ఆయన మాట మార్చినందుకు మార్కులు కోశాడు. దొంగ కన్ను కొట్టకూడదని రూలు లేనందుకు నన్ను కోయలేదు. మొండి బొటాబొటీగా పాసయింది.

పాసయిన కుక్కకి తొడుగు ఇచ్చేస్తారు. మొండి దాన్ని నోట కరుచుకుని ఊరేగుతుంటే వెనక మేమిద్దరం నడిచాం.

“నాన్న చూశారు,” అందామె.

“చూడాలనే కొట్టాను.”

“కుక్క కోసమేగా?”

“సగం.”

“మిగతా సగం?”

“అదే, ఇంకా చెప్పలేదన్నానే.”

“చెప్పు మరి. ఈసారి అడ్డం రాను.”

చెప్పాను. ఎట్లా చెప్పానో మీకెందుకు. అప్పటికి మాస్టారు ఎదురుగా ఉన్నాడు. మొండి నోట్లో తొడుగు చూశాడు, చిరుగులు చూశాడు, నా మొహం చూశాడు.

“చాల్లే, ఇంటికి నడవండి. అబ్బాయ్, నువ్వూ రా. నీతో మాట్లాడాలి.”

ఆయన చాల్లే అన్నాడో లేదో, మొండి తొడుగు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర వదిలేసింది. అంత గట్టి మనిషీ నవ్వేశాడు.

అక్క కూతురు మొండి చెవులు పట్టుకునే నడక నేర్చుకుంది. మొండి ముసలిదై, మిషను కిందే, ఆ చప్పుడు వింటూనే పోయింది. తొడుగు ఇప్పుడు మా ఇంట్లో అటక మీద ఉంది, మాస్టారు వేసిన రెండు పొరల మీద దాని పళ్ల గుర్తులతో.

నిన్న వాన పడుతుంటే దాన్ని దించి వాసన చూస్తూ కూర్చున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుని దాని మీద చెయ్యి వేసింది. నేనా చెయ్యి పట్టుకున్నాను.

“చాల్లే,” అంది.

మొండి లేదుగా. ఎవరూ వదల్లేదు.