నీలకంఠం కారులో స్టీరియో

బడా బజార్‌లో సన్నగా వాన పడుతున్న మధ్యాహ్నం. చికిటి నుంచి వచ్చిన పాత అంబాసిడర్ డాష్‌బోర్డు కింద దూరి, సాయిసుధ కొత్త స్టీరియో బిగించడానికి వైర్లు విప్పుతోంది. తడిసిన రెక్సిన్ వాసన, ఎలుకల వాసన. అన్న వేణు పోయి నలభై రోజులు. వాడి కారు స్టీరియోల కొట్టు ఇప్పుడు తనే నడుపుతోంది. ఇంతవరకూ కళ్ళు తడవలేదు. లెక్కలు మాత్రం తప్పడం లేదు. స్టీరియోకి నాలుగు ఆంపులు, స్పీకరుకి నాలుగు ఓములు.

వెనక సీట్లో చిట్టమ్మ, ఒళ్ళో మొగుడు నీలకంఠం అస్థికల ముంత. కొడుకు పూలకి వెళ్ళాడు. సాయంత్రం గోపాల్‌పూర్ సముద్రంలో కలపాలి. దారి పొడుగునా ఆయన గొంతు వినాలని ఆవిడ కోరిక. ఆ గొంతున్నది ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే.

"అయిపోనాదా, తల్లీ?"

"ఒక్క నిమిషం, మామ్మా."

మీటరు పెట్టకుండా వైరు ముట్టుకోకే, బుల్లీ... అనేవాడు వేణు. వాడు తప్ప ఎవరూ అలా పిలవరు. సుధ కరెంటు కొలిచే ఆ మీటరు బయటికి తీయలేదు. ఎర్ర వైరు ప్లస్, బాడీ మైనస్. అన్ని బండ్లకీ అంతే కదా. వైర్లు కలిపి, పెన్‌డ్రైవ్ గుచ్చి తాళం తిప్పింది.

చిటపట. పొగ. కాలిన ప్లాస్టిక్ కంపు. ఫ్యూజు ఉండాల్సిన చోట ఎవరో రాగితీగ చుట్టి ఉంచారు. అప్పుడు పెట్టింది మీటరు. మిగతా వాటికి తిరగబడి, ఈ పాత బండికి బాడీయే ప్లస్. పెన్‌డ్రైవ్ కరిగి వంకర పోయింది.

ఏడుపు రాలేదు. బ్యాటరీ విప్పి నేల మీద పెట్టింది. ఇక చెప్పేయాలి.

"మామ్మా..."

"ఉస్స్. మాటాడతన్నాడు."

సుధ చెవి ఒగ్గింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చిట్టమ్మ ముసిముసిగా నవ్వుతోంది.

"నా పులుసుకి పేరెట్టకపోతే ఈయనకి తెల్లారదు."

దుఃఖం ఎంతకైనా తెస్తుంది అనుకుంది సుధ. విననీ.

చిట్టమ్మ నవ్వు ఆగిపోయింది.

"పక్కన ఇంకెవుడో కుర్రోడున్నాడే."

"ఎవరు?"

"ఏటో... బుల్లీ, మీటరెట్టు అంటన్నాడు. బుల్లి ఎవుత్తే?"

సుధ మీటరు మొనలు రెండూ స్పీకరు వైర్లకి ఆనించింది. బ్యాటరీ నేల మీదే ఉంది. సున్నా ఉండాలి...

అంకెలు లేచాయి. తగ్గాయి. మళ్ళీ లేచాయి... ఎవరో మాట్లాడుతున్నట్టు.

తర్వాత ఆగాయి. సుధ జవాబు కోసం చూస్తున్నట్టు.