ఆకుపచ్చ దారం కట్టిన ట్యాంకు

"స్వర్ణా, ఉన్నది ఒక్కటే బ్యాగు. పోతే రెండోది లేదు."

నిఘా విభాగం చీఫ్ రఘుపతి ఫైలు మూశాడు. జడ్చర్ల ల్యాబులో పదకొండేళ్ల గ్లోరీ రక్తం నుంచి తీసిన టి-సెల్స్, అంటే రోగంతో పోరాడే కణాలు, ఆ బ్యాగులో సిద్ధంగా ఉన్నాయి. క్యాన్సర్‌తో పోరాడుతూ మధ్యలో అలసిపోకుండా వాటిలో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏను పెంచారు. ఆ రహస్యం కోసం 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా కాచుకుని ఉంది. పాప ఒంట్లో మళ్లీ కణాలు ఇచ్చే ఓపిక లేదు.

"ల్యాబులో వాళ్లకు పనిచేస్తున్న లోపలి మనిషి ఎవరు సార్?"

"అది తేల్చాల్సింది నువ్వే."

స్వర్ణకు ల్యాబు డాక్టర్ కోమల మీద అనుమానం. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ఏడాదిగా ముఠా మనిషిలా నటిస్తూ వాళ్ల కబుర్లు డిపార్ట్‌మెంటుకు చేరవేస్తున్నది ఆమే. ఇక్కడి కబుర్లు అటు చేరడం లేదని నమ్మకమేమిటి?

గ్లోరీ ఉన్న మహబూబ్‌నగర్ ఆసుపత్రికి వ్యాన్‌లో, కణాలను గడ్డకట్టించి ఉంచే నైట్రోజన్ ట్యాంకులు రెండు వెళ్తాయి. ఒకటి అసలుది, ఒకటి ఖాళీది. గ్లోరీ నాయనమ్మ ఈదమ్మ ఆ ల్యాబులోనే ఊడుస్తుంది. అసలు ట్యాంకు పిడికి ఆమె దర్గా నుంచి తెచ్చిన ఆకుపచ్చ దారం కట్టింది.

"చర్చికి పోతవు గదా అవ్వా, మళ్ల దర్గా దారమేంది?"

"ఎవలు ముందు వింటరో ఎవలకెరుక బిడ్డా!"

"జర దాన్ని విప్పి ఆ ఖాళీదానికి కట్టు."

ఈదమ్మ తలూపింది. తర్వాత కోమల ఒక్కదానికే స్వర్ణ చెప్పింది: "దారం ఉన్నదే అసలుది."

మర్నాడు మహబూబ్‌నగర్ దారిలో రైల్వే గేటు పడింది. సీతాఫలాల తోపుడు బండి వెనుక, పాత చీరలో స్వర్ణ. వ్యాన్ ఆగగానే, అందులో ఉన్న కోమల తన పక్కనున్న డ్రైవర్ ముఖం మీద ఏదో స్ప్రే చేసింది. అతను స్టీరింగ్ మీద వాలిపోయాడు. ముందున్న తెల్ల కారులోంచి ఇద్దరు దిగి, దారం ఉన్న ట్యాంకును డిక్కీలో పడుకోబెట్టారు. కోమల కారెక్కింది.

తీసుకుపో తల్లీ, అనుకుంది స్వర్ణ. ఖాళీ డబ్బా వెంట మీ గూడు దాకా వస్తాను.

అంతలో ఆమె నడుముకున్న ఫోన్ కీచుమంది. ట్యాంకు ఒరిగితే మోగే టిల్ట్ అలారం! ఆ పరికరం పెట్టింది అసలు ట్యాంకుకే. దాన్ని నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే లోపలి చల్లదనం గబగబా తరిగిపోతుంది.

స్వర్ణ బండి పిడి పట్టుకుంది. దారం విప్పలేదా ముసలమ్మ?

రైలు చివరి పెట్టె దాటింది. గేటు లేస్తోంది. స్వర్ణ బండిని బలంగా కారు ముందుకు తోసింది. సీతాఫలాలు బానెట్ మీద పగిలాయి.

కోమల అద్దం దించింది. చేతిలో పిస్తోలు. "అడ్డం లే! ఒక్క డబ్బా కోసం సస్తవా?"

"డబ్బా నువ్వే ఉంచుకో. ముందుగాల జర దాన్ని నిలవెట్టు! పిల్ల పానం పోతాంది అండ్ల!"

కోమల చూపు డిక్కీ వైపు తిరిగింది. ఎంతైనా డాక్టరు. ఆ క్షణం చాలు. పల్లీలమ్మే వేషంలో ఉన్న ఏజెంట్ ఐలేశం ఆమె మణికట్టు విరిచిపట్టాడు. వెనక ఆగిన లారీలోంచి దూకిన మఫ్టీ పోలీసులు మిగతా ఇద్దర్నీ పట్టారు.

స్వర్ణ ట్యాంకు నిలబెట్టి మీటరు చూసింది. మైనస్ నూట యాభై ఒకటి. ఇంకొక్క డిగ్రీ పెరిగితే కణాలు పనికిరావన్నారు ల్యాబు వాళ్లు.

సాయంత్రానికి బ్యాగులోని కణాలు గ్లోరీ నరంలోకి దిగాయి. ఫలితం నెల గడిస్తే గానీ తెలియదు.

"ఎందుకు విప్పలేదవ్వా?"

"మొక్కు తీరకముందు దారం విప్పుతరా ఎవలన్న? చెప్తె కొట్లాడ్తవని తలూపిన." ఈదమ్మ మిగిలిన దారం ముక్క స్వర్ణ మణికట్టుకు కట్టింది. "మళ్లొస్తవా?"

"రావొద్దవ్వా. మా పని గట్లాంటిది."

"గట్లనకు. పోయొస్త అను."



వారం తర్వాత రఘుపతి సర్క్యులర్ పంపాడు: 'ఆపరేషన్ సామగ్రికి అనుమతి లేకుండా మొక్కు దారాలు కట్టరాదు.' స్వర్ణ చదివి, సంతకం చేసి, చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కుంది.