నాగజెముడు తుడిచిన తువ్వాల

సంధ్యారాణి కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. కుడి అరచెయ్యి మండుతోంది. గౌనుకు రాస్తోంది, ఊదుకుంటోంది, ఎవరైనా చూస్తే వెనక్కి దాచుకుంటోంది.

పొద్దున చేసిన ఘనకార్యం అలాంటిది మరి! వాకిట్లో పాత బకెట్లో అమ్మ నాటిన నాగజెముడు ఉంది. ఇసుక కలిపిన మట్టి, ఎప్పుడో ఒకసారి కాసిని నీళ్లు, బోలెడంత ఎండ. దానికింకేమీ అక్కర్లేదు. కానీ గని నుంచి వచ్చే బొగ్గు దుమ్ము పడి ఆకులు నల్లబడ్డాయని సంధ్య ఊరుకోలేకపోయింది. పెద్ద ముళ్లను తప్పించుకుంటూ, దండెం మీది బాపు తువ్వాలతో శుభ్రంగా తుడిచింది. ఆ ముళ్ల మొదట్లో కంటికి సరిగ్గా ఆనని నూగు ముళ్లు కూడా ఉంటాయని ఆమెకేం తెలుసు? చెయ్యి చురుక్కుమన్నాకే తెలిసింది. భయపడి తువ్వాలను దులిపి మళ్లీ దండెం మీద వేసేసింది.

స్నానం చేసి వచ్చిన బాపు దాంతోనే తుడుచుకున్నాడు.

"జమునా, ఏం పౌడర్ ఏసి ఉతికినవ్? మెడంత దురద పెడుతున్నది!"

"రోజేసే పౌడరే! నా మీద పెడతవేంది?" అమ్మ మొహం చిన్నబోయింది.

సంధ్యకు చెప్పెయ్యాలనుంది. కానీ ఆ చెట్టును ముట్టుకోవద్దని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! మెల్లగా గుమ్మం చాటుకు జరిగింది.

బాపు సెకండ్ షిఫ్టుకు తయారయ్యాడు. టిఫిన్ డబ్బా తీసుకుని, ఎప్పటిలాగే తువ్వాల మెడకు చుట్టుకోబోయాడు. గని లోపల చెమట తుడుచుకోవడానికి అదే దిక్కు. రాత్రి దాకా మెడ మీదే ఉంటుంది.

సంధ్య ఒక్క ఉరుకున వెళ్లి దాన్ని లాగేసుకుంది.

"వద్దు బాపూ! దీన్నిండ ముండ్లున్నయ్. నేనే దీంతోటి చెట్టు తుడిచిన. అమ్మ తప్పేం లేదు."

అమ్మ గుడ్లురిమింది. "చెప్తే ఇనవు గదనే! దుమ్ము పోవాలంటే మగ్గుతోటి మీదికెళ్లి నీళ్లు పోస్తే అయిపోతుండె!"

బాపు సంధ్య చెయ్యి పట్టి చూశాడు. అరచెయ్యంతా ఎర్రగా కందింది. "గింత మంట పెట్టుకొని పొద్దటిసంది తిరుగుతున్నవా బిడ్డా? జల్ది టేపు తే," అంటూ మెట్టు మీద కూర్చున్నాడు.

సంధ్య టేపు తెచ్చింది కానీ చెయ్యి ఇవ్వలేదు. "ముందు నీ మెడ," అంటూ వెనక్కి వెళ్లి కూర్చుంది. టేపు అతికించింది, నూగు ముళ్లు దానికి అంటుకొచ్చేలా మెల్లగా లాగింది, మళ్లీ అతికించింది.

"ఇగ చాలు, డ్యూటీకి లేటైతది," అని బాపు లేవబోయాడు.

"కదలకు బాపూ," అంది నిమిషం కుదురుగా కూర్చోలేని సంధ్యారాణి. "ఇంకొకటి కనవడుతున్నది."