మూడు జానలు తగ్గిన తాడు

ఆ పొద్దున ఆకాశం దుమ్ము పట్టి ఉంది. సూర్యుడు పైకొచ్చాడు గాని కన్ను చెదరలేదు. తోమని రాగి పళ్ళెంలా సింజార్ కొండ పక్కన ఆగినట్టున్నాడు. నలభై రోజులుగా చినుకు లేదు.

ఊరి చివర తన ఇంటి ముందు కూర్చుని హర్మలా తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. తప్పిపోయిన ఒంటెల్నీ, తప్పించుకున్న దొంగల్నీ అడుగుజాడ చూసి పట్టివ్వడం అతని వృత్తి. సర్కారు కొలువు కాదు. ఎవరు వచ్చి అడిగితే వాళ్ళ తరఫున వెళ్తాడు. నుఐమ్ ఏడేళ్ళుగా అతని వెంట తిరుగుతున్నాడు. హర్మలా చూసినవన్నీ తనూ చూస్తాడు. చూసినదానికి అర్థం మాత్రం ఎప్పుడూ హర్మలా నోటి నుంచే వినాల్సి వస్తుంది. అందుకు నుఐమ్‌కి నామోషీ లేదు, గర్వంగానే ఉంటుంది.

"బాబాయ్, ఎవరో ఆడమనిషి వస్తోంది," అన్నాడు నుఐమ్.

"తెల్లవారకముందే బయల్దేరింది. కొంత దూరం పరిగెత్తింది, కొంత నడిచింది. నీళ్ళివ్వు," అన్నాడు హర్మలా, సూది దించకుండా.

ఆమె పేరు ఉమైమా. నీళ్ళు సగం తాగి, సగం మొహాన కొట్టుకుంది.

"అయ్యా, మా ఆయన్ని మోసూల్ చెరసాలకి పంపుతున్నారు. సాయంకాలం నమాజు వేళకి రౌతులొస్తారు. ఆ చెరసాలకి పోయినవాడు తిరిగి రావడం నేనెరగను."

"ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. తాడు మోశాడు."

భూమి ఎంత పెద్దదో కొలిచి రమ్మని ఖలీఫా ఒక బృందాన్ని పంపాడు. అందులో ఆమె భర్త జుందుబ్ కొలతాడుకి కాపలా. ధ్రువ నక్షత్రం ఆకాశపు చుట్టులో మూడువందల అరవయ్యో భాగం పైకెక్కేదాకా ఉత్తరానికి నడవాలి. తాడు పరవడం, మేకు కొట్టడం, మళ్ళీ పరవడం. అక్కణ్ణించి అదే తాడుతో కొలుచుకుంటూ వెనక్కి రావాలి. వెళ్ళిన లెక్కా వచ్చిన లెక్కా ఒకటైతేనే కొలత నిలుస్తుంది.

"ఒకటి కాలేదు," అంది ఉమైమా. "నిన్న ఇనప గజంతో చూస్తే యాభై మూరల తాడు మూడు జానలు తక్కువుంది. మా ఆయనే కోశాడంటున్నారు. ఆయన గొర్రె చెవి కొయ్యాలంటేనే వణుకుతాడు!"

హర్మలా దారం కొరికి చెప్పు తొడుక్కున్నాడు.

గుడారాలు ఎర్రమట్టి మైదానంలో ఉన్నాయి. వీళ్ళు చేరేసరికి ఎండ ముదిరింది. బృందానికి పెద్ద యజ్దాద్, మర్వ్ నగరం నుంచి వచ్చిన ఖగోళ పండితుడు. రాత్రుళ్ళు నక్షత్రాలు చూసి చూసి కళ్ళ కింద నల్లబడిన మనిషి.

"జాడగాడివా? ఇక్కడ జాడ ఏముంది? తాడు కురచయింది. తాడు ఒకడి చేతిలోనే ఉంది," అన్నాడు.

"ఆ తాడు ఒకసారి చూడనివ్వండి."

జుందుబ్ తోలు సంచి తెచ్చాడు. పొడుగ్గా, వంగిన భుజాలతో ఉన్నాడు. భార్య వైపు చూసి తల దించుకున్నాడు. తాడు జనపనారది. మోసూల్‌లో కొత్తగా పేనించారు. రెండు కొసలా పట్టుకోవడానికి ఉచ్చులు, వాటి పక్కన యజ్దాద్ ముద్రవేసిన సీసపు బిళ్ళలు.

"ముద్రలు చెదరలేదు," అన్నాడు హర్మలా.

"అందుకే నడిమిన కోసి మళ్ళీ పేనాడంటున్నాను."

హర్మలా కళ్ళు మూసుకుని యాభై మూరలూ వేళ్ళ మధ్య నుంచి జరిపాడు. అతుకు ఎక్కడా తగల్లేదు. అప్పుడు ఒకచోట పురి విప్పి చూశాడు. లోపల సన్నటి బూడిదరంగు మట్టి. ఇంకోచోట విప్పాడు. అక్కడా అంతే.

"ఈ ఉచ్చులు ఇలా ఎండిపోయి ఉన్నాయేం?" అని జుందుబ్‌ని అడిగాడు.

"గొర్రెతోక కొవ్వు రాసేవాణ్ణయ్యా, అరచేతులు బొబ్బలెక్కుతాయని. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు."

"ఇంకేమైనా తేడా ఉందా తాడులో?"

జుందుబ్ ఉచ్చు తిప్పి చూశాడు. "మేకు తలకి కడియం ఉంటుంది గదా. వెళ్ళేటప్పుడు తాడు దాంట్లోంచి దానంతటదే జారేది. వచ్చేటప్పుడు గుంజాల్సొచ్చింది. నాకు బలం తగ్గిందనుకున్నాను."

"ఉత్తరాన ఎక్కడ ఆగారు?"

"వాగు దగ్గర. రెండు రోజులు. మేకుల మొనలు సాగదీయించడానికి నన్ను కమ్మరి దగ్గరికి పంపారు. సంచి పెద్దోళ్ళ గుడారంలో పెట్టి వెళ్ళాను. పండితులు గారు నిద్రపోతున్నారు. షేక్ గారు ఖురాన్ చదువుకుంటున్నారు."

షేక్ గారంటే అబూ షురైహ్, కొలతకు సాక్షిగా ఖాజీ పంపిన పెద్దమనిషి. ముప్ఫై ఏళ్ళుగా అతని మాట న్యాయస్థానంలో ఎదురులేకుండా చెల్లుతోంది. తెల్లటి గడ్డం, ఉతికి ఉతికి పల్చబడిన అంగీ. నీడన పరిచిన చాప మీద కూర్చుని అంతా వింటున్నాడు.

"తాడు ఎవరైనా కొయ్యడం మీరు చూశారా, షేక్ గారూ?" అని అడిగాడు హర్మలా.

"చూడలేదు. కోశారని నేను సాక్ష్యం చెప్పలేదు. కొయ్యలేదనీ చెప్పలేను."

అప్పుడే ఒంటెల పెద్ద ఖిదాష్ అందరికీ నీళ్ళు తెచ్చాడు. పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. వెనకే బక్కచిక్కిన వేటకుక్క, మెడకి పలుపు.

"చూశావా తమ్ముడూ," అన్నాడు నుఐమ్‌తో. "దీని బతుకు! నెల్రోజులు ఆ తాడు సంచి మీదే మహారాణిలా పడుకుంది. వాగు దగ్గర్నించీ గుడారంలోకి రానివ్వట్లేదు. ఇప్పుడు ఆఖరి ఒంటె పక్కన కట్టేస్తున్నాను. జుందుబ్‌కేం, కాపలా పని దొరికింది, నీడపట్టున ఉన్నాడు. ఆ పని నాకు రావాల్సింది."

"నీకిస్తే తాడు తాకట్టు పెట్టేవాడివి," అంది ఉమైమా.

"అమ్మో, మొగుడికంటే పెళ్ళానికే పదును!"

ఖిదాష్ కుక్క తల నిమిరి, అదే చేత్తో అబూ షురైహ్‌కి గిన్నె అందించాడు. షేక్ చెయ్యి అంగీ కొసతో కప్పుకుని గిన్నె అందుకున్నాడు. నీళ్ళు మట్టిలో పోసేశాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు, అతని పట్టింపులు అందరికీ అలవాటే.

హర్మలా లేచాడు. "షేక్ గారూ, ఈ కొస కాస్త పట్టుకుంటారా? నిలువునా చాపి చూస్తాను."

అబూ షురైహ్ ఉచ్చులోకి ఉత్త చెయ్యి దూర్చి గట్టిగా పట్టుకున్నాడు. ఇంతలో మధ్యాహ్నం నమాజుకి పిలుపు వినిపించింది. షేక్ తాడు వదిలేసి, నేరుగా వెళ్ళి వరసలో ముందు నిలబడ్డాడు.

నమాజయ్యాక హర్మలా ఖిదాష్ సామాన్లలోంచి మోసూల్ కొత్త జనపనార తాడు ముక్క ఒకటి అడిగి తీసుకున్నాడు. సరిగ్గా నాలుగు మూరలకి కోసి, నీళ్ళలో నానబెట్టి, పిండి, ఎండలో పరిచాడు. తర్వాత నీడలో పడుకున్నాడు.

నుఐమ్‌కి కుదురుగా లేదు. పక్కన చేరి గొంతు తగ్గించాడు. "బాబాయ్, ఇది పండితుడి పనే. కురచ తాడుతో వచ్చిన లెక్క ఎప్పటిదో యవనుల పుస్తకంలో ఉన్న లెక్కకి సరిపోయిందట. పాత పుస్తకం నిజమైతే ఆయనకి ఎంత పేరు!"

"ఊఁ," అన్నాడు హర్మలా, కళ్ళు తెరవకుండా.

మూడో జాము దాటాక అందర్నీ పెద్ద గుడారం నీడలోకి రమ్మన్నాడు. యజ్దాద్, అబూ షురైహ్, ఖిదాష్, జుందుబ్, ఉమైమా వచ్చి కూర్చున్నారు. మోసూల్ దారిలో దుమ్ము లేస్తోంది. రౌతులు దగ్గర్లోనే ఉన్నారు. యజ్దాద్ చేతిలో వాళ్ళకివ్వాల్సిన జాబు ముద్రవేసి సిద్ధంగా ఉంది.

హర్మలా ఎండిన తాడు ముక్కని ఇనప గజం పక్కన పెట్టాడు. నాలుగు మూరలు లేదు. మూడు వేళ్ళు తక్కువ వచ్చింది.

"దీన్ని ఎవరు కోశారు, పండితులు గారూ?"

యజ్దాద్ ముందుకు వంగి తనే మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది.

"మా నాన్న బావులు తవ్వేవాడు," అన్నాడు హర్మలా. "కొత్త జనపనార మొదటిసారి తడిస్తే పురి ఉబ్బుతుంది, పొడుగు తగ్గుతుంది. తాడు లావెక్కింది, అందుకే కడియంలో పట్టేసింది. మేక వెంట్రుకల తాళ్ళు వాడే జుందుబ్‌కి ఆ సంగతి తెలీదు. నక్షత్రాలు చూసే మీకూ తెలీదు."

"వాన లేదు కదా! తాడు ఎలా తడిసింది?"

"తడవలేదు. కడిగారు. కొసన కొవ్వు పోయింది. పురి లోపల బూడిదరంగు మట్టి ఉంది, ఇక్కడి మట్టి ఎరుపు. అది వాగు మట్టి. పొరపాటున నీళ్ళలో పడితే ఒకచోటే అంటేది. ఇది యాభై మూరలకీ సమంగా రుద్ది, మళ్ళీ పైన శుభ్రంగా కడిగినట్టుంది. ఖిదాష్‌కి జుందుబ్ మీద కసి ఉంది, నిజమే. కసి ఉన్నవాడు కత్తి తీస్తాడు, లేదా వాగులో పడేస్తాడు. కూర్చుని మట్టితో తోమడు."

"అదీ మాట!" అన్నాడు ఖిదాష్.

"ఇక పండితులు గారు. కురచ లెక్క ఆయనకి లాభమే. కావాలని చేసిన మనిషైతే ఆ లెక్కనే నిజమని పంపేవాడు. ఆయన గజం తీసి తన లెక్క తనే తప్పని తేల్చాడు."

నుఐమ్ నేల చూశాడు.

హర్మలా అబూ షురైహ్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "షేక్ గారూ, నమాజు చేసేవాడు కుక్క మూతి పెట్టిన వస్తువుని ఎలా కడగాలి?"

"ఏడుసార్లు. అందులో ఒకసారి మట్టితో."

"పొద్దున ఖిదాష్ ఇచ్చిన నీళ్ళు పారబోశారు. కుక్కని నిమిరిన చెయ్యి గనక. ఆ కుక్క నెల్రోజులు తాడు సంచి మీద పడుకుందని అప్పుడే విన్నారు. కొసలకి కొవ్వు రాశారనీ విన్నారు. కుక్క కొవ్వు నాకకుండా వదులుతుందా? అయినా ఆ కొస నేనిస్తే ఉత్త చేత్తో పట్టుకున్నారు. ఆ చెయ్యి కడుక్కోకుండానే నమాజుకి నిలబడ్డారు. గిన్నెని అనుమానించిన మనిషి తాడుని అనుమానించలేదు. అది శుద్ధంగా ఉందని మీకు ఎలా తెలుసు?"

తాడు ముక్క అబూ షురైహ్ కాళ్ళ ముందే ఉంది. దాన్నే చూస్తున్నాడు.

"కుక్క తాడు కొస నాకుతుంటే చూశాను," అన్నాడు చివరికి. "జుందుబ్ ఆ చేతులతోనే నమాజు చేస్తున్నాడు. అతని నమాజు చెడకూడదని కడిగాను. వాగు రాళ్ళ మీద ఆరేసి, ఆరాక సంచిలో పెట్టేశాను. కుక్కని తెచ్చుకున్నందుకు ఖిదాష్‌ని నలుగురిలో తిట్టడం ఎందుకని చెప్పలేదు. నీళ్ళు తగిలితే తాడు కురచవుతుందని, అల్లా సాక్షిగా, నాకు తెలీదు."

"మా ఆయన నమాజు కాపాడారు," అంది ఉమైమా. "మా ఆయన్ని చెరసాలకి పంపబోయారు!"

"ఉమైమా," అన్నాడు జుందుబ్ మెల్లగా.

"నిన్న గజం తీసినప్పుడు?" అని అడిగాడు హర్మలా.

"అప్పుడు తట్టింది. ఎలాగో తెలీదు గాని, నేను ముట్టుకున్న తాడే అని తట్టింది." షేక్ తాడు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "నన్నెవరూ అడగలేదు. ముట్టానని నోరు విప్పితే, ముప్ఫై ఏళ్ళుగా చెల్లిన నా మాట ఇక చెల్లదనిపించింది. అడిగితే చెబుదామనుకున్నాను. ఒక రాత్రంతా ఎవరైనా అడుగుతారేమోనని మేలుకున్నాను."

"సాక్షిని అడగాలని మాకెవరికీ తోచలేదు," అన్నాడు యజ్దాద్. చేతిలో జాబుని రెండుగా, నాలుగుగా చించాడు. ఆ ముక్కలు జుందుబ్ ముందు పెట్టాడు.

రౌతులు వచ్చి దిగారు. అబూ షురైహ్ కాగితం, కలం అడిగాడు. ఒళ్ళో పలక పెట్టుకుని, తాడు కడిగింది తానేననీ, తెలిసీ ఒక పగలూ ఒక రాత్రీ దాచింది తానేననీ, జుందుబ్‌లో ఏ తప్పూ లేదనీ రాశాడు. ఇంతకాలం ఇతరుల మీద సాక్ష్యాలు రాసిన చెయ్యి ఇప్పుడు తన మీదే రాసింది. కింద తన పేరు రాసి, ఖాజీ దగ్గరున్న సాక్షుల జాబితాలోంచి ఆ పేరు కొట్టేయమని కూడా తనే రాశాడు. రౌతుల పెద్ద ఆ కాగితం తీసుకుని, తెచ్చిన సంకెళ్ళు జీను సంచిలో వేసుకుని, గుర్రాలు తిప్పుకుపోయాడు.

యజ్దాద్ కొత్త తాడు కోసం కబురు పంపాడు. ఈసారి దాన్ని ముందే తడిపి, ఎండబెట్టి, ఆ తర్వాతే కొలిచి ముద్ర వెయ్యాలని జుందుబ్‌కే చెప్పాడు. "ఎంత నానాలో హర్మలాని అడుగు," అన్నాడు.

వెనక్కి వెళ్ళబోతే ఖిదాష్ ఊరుకోలేదు. రొట్టె ముక్కలు మాంసపు పులుసులో నానేసిన పెద్ద పళ్ళెం తెచ్చి చాప నడిమిన పెట్టాడు. చుట్టూ చేరారు. యజ్దాద్ కూర్చున్నాడు. హర్మలా, నుఐమ్, ఉమైమా కూర్చున్నారు. అబూ షురైహ్ మాత్రం గుడారం అంచున, ఎండలో నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

జుందుబ్ చెయ్యి కడుక్కుని వచ్చాడు. కూర్చుని, ఒక మోకాలు లోపలికి ముడుచుకున్నాడు. పక్కన మనిషి పట్టేంత చోటు ఏర్పడింది. ఉమైమా అతని వైపు చురుగ్గా చూసి, తర్వాత తనూ కాస్త జరిగింది.

అబూ షురైహ్ వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు. బిస్మిల్లా అన్నది పెదాలు కదపడంలోనే తెలిసింది. అందరి చేతులూ పళ్ళెంలోకి వెళ్ళాయి. పులుసు వేడిగా ఉంది. పళ్ళెం అడుగు కనిపించేదాకా తిన్నారు.